ఎర్రచుక్కా, విత్తనం కాయలూ

ఆ రోజుల్లో నేను భయపడడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కొత్తవాళ్ళు పేరడిగితేనే తలుపు వెనక దాక్కునేదాన్ని. అలాంటిదాని చేతికి మా మామ (అమ్మ తమ్ముడు, ప్రొద్దుటూరు బడిలో లెక్కల అయ్యవారు) అట్ట ఊడిన సైన్సు పుస్తకం ఒకటి ఇచ్చిపోయాడు. అందులో ఒక నక్షత్రం సంగతి ఉంది. చిన్నది, ఎర్రది, మన సూర్యుడికి ఇరుగుపొరుగు. అయినా ఎంత మసకదంటే దుర్భిణి లేకుండా కనబడదట. ఆ కనబడనిది సెకనుకు దాదాపు డెబ్బై మైళ్ళ వేగంతో మనకు దగ్గరవుతోందట! దొంగ కనబడితే అరవొచ్చు. కనబడనిదాన్ని చూసి ఏమని అరవను? డైరీలో లెక్క వేశాను. మూడుసార్లు వేసినా ఒకటే జవాబు: దీపావళికి అటో ఇటో వచ్చి గుద్దుతుంది. జవాబు కింద రెండు గీతలు కొట్టి (బడి అలవాటు), డైరీని బొంతల మధ్య దాచాను. ఎవరికీ చెప్పలేదు. నమ్మి భయపడతారేమోనని ఒక భయం, నవ్వుతారేమోనని అంతకంటే పెద్ద భయం.

అప్పుడు మా ఊరు వేములలో, ఇంట్లో ఆరుద్ర కార్తెకు విత్తనం సిద్ధమవుతోంది. జేజి, అంటే మా నాయనమ్మ, శెనక్కాయల (వేరుశెనగ) మీద నీళ్ళు చిలకరిస్తే ఇద్దరం కూర్చుని వలిచేవాళ్ళం. విత్తనం గింజ నోట్లో వేసుకోకూడదు. పసిబిడ్డ ఏడ్చినా పెట్టరు. కానీ ఇది కాసేనాటికి భూమే ఉండదు కదా అని ఒకటి తిన్నాను. మర్నాడు పిడికెడు. ఆ తర్వాత బెల్లం కూడా తెచ్చుకున్నాను. చావుభయానికి అంత ఆకలి ఉంటుందని అంతవరకూ తెలియదు. పదోరోజు జేజి నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మే, విత్తనం తింటాండావా? వాన పడినాక చేన్లో ఏం ఇత్తాల, నీ డైరీనా?"

"ఇత్తి ఏం లాభం జేజీ? అందరం సచ్చిపోతాం!" అని బావురుమని, అంతా చెప్పేశాను.

జేజి నవ్వలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. పట్టపగటి ఆకాశం వైపు ఒకసారి చూసి, "ఎప్పుడొస్తాదంటివి?" అంది.

"దీపావళికి."

ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "ఇప్పుడిత్తితే దానికి ముందే పెరుకుతాం. దాని దావన అది రానీలే. నువ్వు వలువు."

ఆదివారం వచ్చిన మామ నా లెక్క చూసి తల పట్టుకున్నాడు. "ఐదు సున్నాలు యాడ పోయినాయి పాపా?"

"తినేసింటాదిలే అప్పా," అంది జేజి.

ఆ నక్షత్రం వేల ఏళ్ళకు గానీ దగ్గరికి రాదనీ, వచ్చినా తాకకుండా ఎంతో దూరం నుంచే పోతుందనీ మామ చెప్పాడు. నేను సగమే నమ్మాను. ఆ ఏడు ఆఖరి సాలు సగంలోనే విత్తనం అయిపోయింది. పచ్చని చేను అంచున ఆ ఖాళీని చూసినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. దీపావళి సాయంత్రం ఆకాశం కేసి చూస్తూ అరుగు మీద ముడుచుకుని కూర్చుంటే, జేజి ఉడకబెట్టిన కొత్త కాయలు నా ఒడిలో పోసి, "ఇంక తిను," అంది.

నా భయాలు ఇప్పటికీ పోలేదు. అయితే భయం వేసినప్పుడల్లా వేళ్ళు మడిచి, అది పంటకు ముందొస్తుందా, తర్వాతొస్తుందా అని చూసుకుంటాను. ఇంతవరకూ అన్నీ తర్వాతే వచ్చాయి. జేజి మాత్రం ఒక ఏడు పంటకు ముందే వెళ్ళిపోయింది.