రంగం పళ్ళేలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అగ్గిపుల్లను సైతం నిలువునా చీల్చి రెండు చేసుకొనేవారు. ఆ పని కోసమే మా నాన్న ఒక పాత బ్లేడును గూట్లో దాచి ఉంచారు. మాటలాడుకోవడానికి వెలుతురెందుకని, భోజనాలు కాగానే దీపం ఊదేసేవారు. సబ్బు అరిగి రేకులా మిగిలితే దానిని కొత్త సబ్బు వీపుకు అతికించేవారు. తాలూకా కచేరీలో గుమాస్తా ఆయన. రాబడి మరీ తక్కువేమీ కాదు. కాని పసితనంలో కరవు చూసినవారు, ఆ భయం కడుపు నిండాక కూడా ఆయనను విడువలేదు. ఆ పొదుపంతా ఆయనకు నేర్పింది మా నాయనమ్మే. పిసికిన చింతపండునే మళ్ళీ పిసికి చారు కాచడం, చిరిగిన చీర అంచు విప్పి దారపుండ చుట్టడం ఆమె విద్యలు. తల్లీకొడుకులకు భేదం ఒక్కచోటే. నాయనమ్మ తన నోరు తాను కట్టుకొనేది. మా నాన్న ఇంటిల్లిపాది నోళ్ళూ కట్టేవారు.

ఇన్నేళ్ళకు ఈ సంగతులు వ్రాయడానికి కారణం నిన్న సాయంత్రం జరిగిన ఒక వేడుక. కొంతకాలంగా నేను జర్మనీలో, ఎర్లాంగెన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడే పుట్టి పెరిగిన మనవరాలు, తనతో చదువుకొన్న ఇక్కడి అబ్బాయినే పెళ్ళాడుతోంది. పెళ్ళికి ముందు వీరికొక ఆచారం ఉన్నది. దానిని పోల్టర్‌ఆబెండ్ అంటారు. చుట్టాలు, స్నేహితులు, ఇరుగుపొరుగువారు తమ ఇళ్ళలోని పాత పింగాణీ సామాను మోసుకొని వచ్చి, పెళ్ళివారి గుమ్మం ముందు రాతిబండల మీద విసిరి పగలగొడతారు. ఎంత చప్పుడైతే అంత శుభమట. ఆ పెంకులన్నింటినీ పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కలిసి ఊడ్చి ఎత్తాలి.

అబ్బాయి గారి ఇంటి ముంగిట ఆ రభస మొదలైనప్పుడు మా అమ్మాయి నా చెవిలో, "ఎంత వేస్టో చూడమ్మా! ఆ ప్లేటుకి ఒక్క గీతైనా లేదు," అని గొణిగింది. పెరుగు కొన్న ప్లాస్టిక్ బకెట్లను కడిగి వాటిలో కొత్తిమీర పెంచే మనిషి. ఆమె బాధ ఆమెది. మా అల్లుడు ఆచారాన్ని సగమే విన్నాడు కాబోలు, ఇంట్లోని స్టీలు కంచాలు సైకిలు బుట్టలో వేసుకొని వచ్చాడు. అతను విసిరిన కంచం ఖంగుమని ఎగిరి, బండల మీద దొర్లుకుంటూ పోయి వియ్యపురాలి గులాబీ మొక్కల్లో పడింది.

"డాడీ! స్టీల్ ఎలా పగులుతుంది? పోర్ట్‌సెలాన్, పింగాణీ అని చెప్పా కదా!" అని మనవరాలు తల పట్టుకొంది.

"పగలకపోతే ఇంకా మంచిదేగా. రేపు ఇందులోనే ఇడ్లీ తింటా," అని అతను దానిని చొక్కాకు తుడిచి మళ్ళీ బుట్టలో పెట్టుకొన్నాడు. భాష తెలిసినవారూ తెలియనివారూ కలిసి నవ్వారు.

ఇంతలో పెళ్ళికొడుకు అమ్మమ్మ నా దగ్గరకు వచ్చి ఒక పళ్ళాన్ని నా చేతిలో పెట్టి, విసరమని సైగ చేసింది. తెల్లని పళ్ళెం, అంచున నీలిపూలు. "వెయ్యి అమ్మమ్మా!" అని మనవరాలు, "లోస్, లోస్!" అని ఇక్కడి పిల్లలు కేకలు పెట్టారు. నేను పళ్ళాన్ని తలపైకి ఎత్తాను. ఎత్తిన చెయ్యి అక్కడే నిలిచిపోయింది. నా చెవులలో వేరొక పింగాణీ పగలడం మొదలైంది.

మా నాయనమ్మ తమ్ముడు వెనుకటి రోజులలో రంగం వెళ్ళి పనిచేశాడు. బర్మాలోని రంగూన్ నగరాన్ని మావైపు రంగం అనేవారు. ఆయన ఓడలో తిరిగివస్తూ అక్కగారి కోసం నీలిపూల పింగాణీ పళ్ళేలు తెచ్చాడు. వాటిలో ఎవరూ అన్నం తిని ఎరుగరు. ఎండుగడ్డి పరచి, భోషాణంలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి నాయనమ్మ బొడ్డున ఉండేది. "ఇవి పెద్దదాని పెళ్ళికి," అని నన్ను చూపి అనేవారు మా నాన్న. ఏడాదికొకమారు వాటిని తీయించి, మెత్తని గుడ్డతో తుడిచి, బీట వారినదేమో అని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, మళ్ళీ గడ్డిలో పడుకోబెట్టేవారు. మాలో ఎవరినీ ఆయన అంత మెత్తగా తాకగా నేను చూడలేదు.

ఒక సంవత్సరం నాకు విషజ్వరం వచ్చింది. లంఖణాలతో ఎముకల గూడునై, చివరకు ఒక మధ్యాహ్నం పథ్యం విడిచి పీట మీద కూర్చున్నాను. అమ్మ వేడన్నంలో ముద్దపప్పు వేసి, నేతిగిన్నె వంచింది. ఆ ఇంట్లో నెయ్యి చెంచా వెనుకతట్టుతో అద్దుకొనే వస్తువు. ఆ రోజు ధారగా పడింది. అన్నం మెట్టను ముంచి, కంచం అంచు దాకా పాకింది. "ఇంకొంచెం," అన్నాను. అమ్మ నవ్వి గిన్నెను పూర్తిగా వంచేసింది. అమ్మ అంత ధైర్యంగా నవ్వగా చూడడం నాకదే మొదలు.

మా నాన్న భోజనానికి వచ్చారు. జ్వరం నుండి లేచి కూర్చున్న కూతురి కంటె ముందు ఖాళీ నేతిగిన్నె ఆయన కంటబడింది.

"ఏమే, నీ పుట్టింటి పాడి అనుకున్నావా?"

"పిల్లకేనండీ..." అన్నది అమ్మ. మాట ముగియలేదు. చెంప మీద పడిన దెబ్బకు ఆమె చెవికమ్మ ఊడి నా కంచంలో పడింది. నేతిలో ఎర్రరాయి మెరిసింది. ఆయన జడ పట్టి ఆమెను వసారాలోకి ఈడ్చుకొనిపోయారు. అక్కడ స్తంభానికి ఆనించి ఉన్న మజ్జిగ కవ్వాన్ని అందుకొన్నారు. దానితో చిలికిన వెన్నే కరిగి నెయ్యి అయిందన్న సంగతి ఆయనకు తోచిందో లేదో నాకు తెలియదు. కవ్వం ఆమె భుజం మీద పడ్డది. తడిసిన బట్టను బండకేసి బాదిన చప్పుడు. అమ్మ అరవలేదు. ఇరుగుపొరుగుకు వినబడకుండా ఏడుపును కూడా పొదుపుగా వాడుకోవడం ఆమెకు అలవాటైపోయింది. రెండో దెబ్బకు మోకాళ్ళ మీద కూలింది. "నేనుండగా ఇల్లు గుల్ల చేస్తావా?" అంటూ ఆయన మళ్ళీ చెయ్యెత్తారు.

నాయనమ్మ పెరట్లో చింతపండు ఈనెలు తీస్తున్నది. అంతకుమునుపు ఇటువంటివి జరిగినప్పుడు ఆమె అడ్డుపడేది; కోడలి మీద పడవలసిన దెబ్బలు కొన్ని ఆమె ముంజేతుల మీద పడేవి; అయినా కొట్టడం ఆగేది కాదు. ఆనాడు ఆమె అడ్డురాలేదు. మమ్మల్ని దాటుకొని లోపలికి పోయింది. భోషాణం తాళం తిరిగిన చప్పుడు వినిపించింది. నీలిపూల పళ్ళాన్ని పట్టుకొని వచ్చి వసారా మెట్టు మీద నిలబడింది. కవ్వం అమ్మ వీపు మీద పడ్డ క్షణాననే ఆ పళ్ళెం వాకిటి బండ మీద పడింది.

అటువంటి చప్పుడు ఆ ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు. మా నాన్న గిరుక్కున తిరిగారు.

"అమ్మా! నీకేమైనా మతి పోయిందా? రంగం పళ్ళెం!"

"పోలేదురా. నీ చెయ్యి నీది, పళ్ళెం నాది. నువ్వు కానియ్యి."

ఆయనకు రోషం పొడుచుకొని వచ్చింది. తల్లి కళ్ళలోకి చూస్తూనే మళ్ళీ కొట్టారు. కవ్వం విరిగింది. నాయనమ్మ నావైపు తిరగకుండానే, "ఇంకోటి అందుకో తల్లీ. నీ పెళ్ళి పళ్ళేలే, నువ్వే ఇయ్యి," అన్నది. గోడ పట్టుకొని లోపలికి వెళ్ళి, గడ్డిలో చెయ్యి పెట్టి ఒకటి తెచ్చి ఇచ్చాను. అది పగిలింది. మరొకటి తెచ్చాను. అదీ పగిలింది. మా నాన్న కవ్వపు ముక్కతోనే పరుగెత్తివచ్చి నాయనమ్మ మణికట్టు పట్టుకొని మెలివేశారు. పెంకు గుచ్చుకొని ఆయన అరికాలు తెగింది. వసారా పొడుగునా నెత్తుటి అడుగులు. నాయనమ్మ ముఖం నొప్పితో వంకర తిరిగింది గాని చూపు వాలలేదు. "నా చెయ్యి విరిచినా పిల్లకు చేతులున్నాయిరా," అన్నది.

ఆయన ఆ మణికట్టు వదిలి, వెనక్కు వచ్చి అమ్మ మీద కవ్వపు ముక్క ఎత్తారు. అప్పుడు నన్ను చూశారు. నేను మరో పళ్ళాన్ని తలపైకి ఎత్తి నిలుచున్నాను. ఎత్తమని నాకెవరూ చెప్పలేదు. ఆయన చేతిలో విరిగిన కవ్వం అమ్మ తలకు ఎగువన. నా చేతిలో నా పెళ్ళి పళ్ళెం నా తలకు ఎగువన. జ్వరం విడిచిన ఒళ్ళు, పింగాణీ బరువు మోచేతులను కిందికి లాగుతున్నది. ఆయన ఆ పళ్ళాన్ని చూశారు, దాని మీది పూలను చూశారు, నన్ను చూశారు. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. ముందు ఆయన చెయ్యి దిగింది. తరువాత నాది.

నాయనమ్మ మెట్టు మీద కూలబడి, "దాచుకోవడం నేర్పాను నీకు. మనుషుల్నీ దాచుకోవాలని వేరే చెప్పాలా అనుకున్నాను. చెప్పవలసింది," అన్నది. ఆ తరువాత చీపురు ఆయనవైపు తోసింది. మా నాన్న కుంటుతూ వంగి, పెంకులన్నీ ఊడ్చి ఎత్తారు. అమ్మ వీపుకు నేను పసుపూ నూనే రాశాను. నూనెను కొలవలేదు.

మరునాడు నాయనమ్మ మిగిలిన పళ్ళేలను భోషాణం నుండి తీసి వంటింట్లో పెట్టింది. ఆ పూట నుండి అందరం వాటిలోనే అన్నం తిన్నాము, మా నాన్నతో సహా. పెంకులను మాత్రం ఆయన వృథా పోనివ్వలేదు. దొంగలు ఎక్కకుండా పెరటిగోడ తలమీద సున్నంలో గుచ్చించారు. బట్టలు ఆరవేసేటప్పుడు అమ్మ ప్రతిదినమూ ఆ నీలిపూలను చూసేది. ఆయనా చూసేవారు. ఒక్కనాటితో ఆయన మారిపోయారని నేను వ్రాయలేను. గొంతు మళ్ళీ లేచేది, కొన్నిమార్లు చెయ్యి కూడా. అప్పుడు నాయనమ్మ ఒక్క మాటైనా అనకుండా, తన ముందున్న పళ్ళాన్ని వేలితో వసారా గట్టు అంచుదాకా జరిపేది. చెయ్యి దిగేది. నెయ్యి గురించి గొణుగుడు మాత్రం ఆయన చివరిదాకా మానలేదు. నేనూ నేటికీ మిగిలిన సబ్బు రేకును కొత్త సబ్బుకు అతికిస్తూనే ఉన్నాను.

నిన్న సాయంత్రం అలా నిలిచిపోయిన నా చెయ్యిని కదిలించినవాడు పెళ్ళికొడుకే. దగ్గరకు వచ్చి, బరువుగా ఉందేమోనని నా మోచేతికి తన అరచేయి ఆసరా ఇచ్చాడు. అప్పుడు విసిరాను. బలమంతా పెట్టి విసిరాను. నీలిపూలు బండ మీద చెల్లాచెదరయ్యాయి, ఎవరి ఒంటి మీదా దెబ్బ పడలేదు. అంత పెద్ద చప్పుడు ఒక ఇంటి ముంగిట అలా వట్టి సంతోషానికే పుట్టగలదని ఈ వయసులో తెలుసుకొన్నాను. వధూవరులిద్దరూ వంగి ఊడ్చారు. "చేట నువ్వు సరిగ్గా పట్టుకో," అని మనవరాలు, తెలుగు రాని అతనికి తెలుగులోనే చెబుతూ.

ఈ ఉదయం నా పెట్టె తెరిచి, నూలుచీర మడతల నడుమ ఇంతదూరం తెచ్చుకొన్న పళ్ళాన్ని తీశాను. నేనానాడు తలపైకి ఎత్తినదే. మిగిలినవన్నీ ఏళ్ళ వాడుకలో ఒక్కొక్కటే పోగా నిలిచినది. ఇద్దరినీ ఎదుట కూర్చోబెట్టి ఈ కథ చెప్పాను. మనవరాలు ఒక్కొక్క మాటనూ జర్మనులోకి మార్చి చెప్పింది. కవ్వానికి మాట దొరకక చేతులతో చిలికి చూపింది. ఆ అబ్బాయి పళ్ళెం అంచును వేలితో తడిమి చూశాడు. చివరకు ఏదో అడిగాడు.

"దీన్ని గ్లాస్ షెల్ఫ్‌లో పెట్టి లాక్ చేద్దామా అంటున్నాడు అమ్మమ్మా."

"వద్దని చెప్పు. రోజూ అన్నం తినండి. చెయ్యి అందే చోట ఉంచుకోండి," అన్నాను.

పళ్ళాన్ని ఇచ్చేశాను, నా పెట్టె తేలికైంది. అయినా కాసేపటి క్రితం పై అంతస్తులో ఎవరో మగమనిషి గొంతు పెద్దది చేసి అరిచాడు. ఆ భాష నాకు రాదు. నా రెండు చేతులూ వాటంతట అవే తలపైకి లేచాయి.