నాన్న గొంతు, ఇరవై నాలుగు స్పీకర్లు

ఒక్క మైకుతో పరువు పోగొట్టుకున్నవాళ్లు మన వైజాగ్‌లో బోలెడుమంది. ఇరవై నాలుగు స్పీకర్లు అద్దెకు తెచ్చి మరీ పోగొట్టుకున్న ఘనత మాత్రం నాదే. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత కుదరకపోవచ్చు.

మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం వేసేవాడు. ఆయన గొంతెత్తితే ఐస్ ఫ్యాక్టరీ దాకా వినబడేది. ఒకరోజు ఆయన చొక్కాకి మైకు తగిలించి, పొద్దుటి వేలం నుంచి మల్కాపురంలో మా ఇంటి తలుపు కొట్టేదాకా రికార్డు చేశాను. మరుసటి ఏడే ఆయన పోయాడు. అమ్మ ఆ రికార్డింగు ఎన్నిసార్లు అడిగినా వినిపించలేదు. నేను మామూలు కొడుకునా మరి, సంగీతకర్తని! గోపాలపట్నంలో హాలు తీసుకుని, చుట్టూ స్పీకర్లు పెట్టి, నాన్న గొంతుతోనే ఒక పెద్ద రచన చేశాను. వేలం ఒక మూల, నవ్వు ఇంకో మూల, పిలుపు వెనక. తాళానికి తబలా అంటే పాతచింతకాయ పచ్చడని, నాన్న దగ్గునే తాళం చేసి తలుపు పక్క స్పీకర్‌లో పెట్టాను. అన్నీ కలిసి ఒక మనిషిలా వినబడేది హాలు నడుమ కూర్చున్నవాళ్లకే. అక్కడే నా మిక్సరు, పక్కన అమ్మకని వేసిన కుర్చీ.

నాన్న మాటాడతాడా అని అమ్మ ఆటోలో దారంతా అడుగుతూనే ఉంది.

తీరా మొదలుపెట్టబోతుంటే ముఖ్య అతిథి వచ్చారు. ఆయన్ని చూడగానే నా నడుము దానంతటదే వంగింది. అమ్మను లేపి ఆ కుర్చీ ఆయనకిచ్చాను. అమ్మ వెళ్లి తలుపు పక్కన కూర్చుంది. అతిథిగారు రెండు నిమిషాలు విని హాయిగా నిద్రపోయారు. గురకకి స్పీకరు అవసరం లేకపోయింది. నేను కళ్లు మూసుకుని పూనకం వచ్చినట్టు ఊగిపోయాను.

చప్పట్లయ్యాక మెచ్చుకుంటుందని అమ్మ దగ్గరికి పరిగెత్తాను చూడండి, అదీ నా తెలివి.

"అంతసేపూ దగ్గుతానే ఉన్నాడు కదరా," అంది. "ఒక్క మాటా ఆడలేదేటి?"

నేను ఆమె పక్కనున్న స్పీకరు వైపు చూశాను.

"పోన్లే. బతికున్నప్పుడూ అంతే. మాటలన్నీ ఊరోళ్లకి, దగ్గు నాకు."

నాకు నవ్వొచ్చింది. అమ్మ నవ్వడం లేదని కాసేపటికి గానీ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటికే వైర్లు చుట్టేస్తున్నవాళ్లను బతిమాలి ఆపాను. అమ్మను నా కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ మొదటినుంచీ వేశాను. వేలం విని మురిసిపోయింది. చివర్లో వెనకనుంచి నాన్న పిలిచాడు.

"రత్తాలూ, తలుపు తియ్యే."

"వత్తన్నాను," అంటూ అమ్మ లేచి వెనక్కి తిరిగింది.

అక్కడ ఖాళీ కుర్చీలు, ఒక స్పీకరు. అలా నిలబడే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాబట్టి మహాజనులారా, మిక్సరు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కచేరీకి దేవుడే దిగొచ్చినా, ఎక్కడ చోటుంటే అక్కడ సర్దుకోవాలి. అమ్మను మాత్రం లేపను.