అడ్డం తిరిగిన పన్ను

పళ్ళ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టి చూపించాడు. కింది దవడ కుడివైపు చివర ఒక జ్ఞానదంతం, తన ముందున్న పన్నుకు తల ఆనించి అడ్డంగా పడుకుని ఉంది. పైకి రావడానికి చోటు లేక ఎముకలోనే ఆగిపోయిందట.

"చిగుళ్ళు కోసి, ఎముక కొంచెం చెక్కి, ముక్కలు చేసి తీయాలి. మీతో ఒక మనిషి రావాలి. ఒంటరిగా వస్తే ముట్టుకోను" అన్నాడు.

ఫీజు దగ్గర నేను అప్పటికే బేరమాడి గెలిచాను. మనిషి దగ్గర మాత్రం ఆయన దిగలేదు.

"ఎవరూ లేరా?"

"ఎందుకు లేరు సార్" అన్నాను. దుకాణంలో లేని సరుకును కూడా గోడౌన్‌లో ఉందని చెప్పే అలవాటు మాది.

అప్పటికి నేను గద్వాల వదిలి నాగర్‌కర్నూల్ వచ్చి మూడేళ్ళు. బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల దుకాణం పెట్టుకున్న చిన్న మడిగె, దాని వెనకే నా గది. అమ్మకానికి గిన్నెలు వందలున్నాయి, నేను తినడానికి రెండు చాలు. సాయంత్రం షట్టరు దించితే మళ్ళీ ఎత్తేదాకా మాట్లాడే మనిషి లేడు. అందుకే బేరమాడకుండా కొనేవాళ్ళంటే నాకు గిట్టేది కాదు. చెప్పిన ధర ఇచ్చేసి పోతే మాట అక్కడికే అయిపోతుంది కదా.

గద్వాలలో అన్న ఉన్నాడు. నాన్న పెట్టిన కిరాణా దుకాణం ఆయనే నడుపుతున్నాడు. మా మధ్య పంపకాల గొడవేమీ లేదు. అమ్మ పోయిన పదకొండో రోజున నేను వంటవాళ్ళతో బేరమాడాను. చుట్టాలంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, బూరెలు తక్కువొచ్చాయని, ఒప్పుకున్న దాంట్లో కోత పెట్టాను. నిజానికి ఆ రోజు నాకేం చేయాలో తోచలేదు. చేతనైన పని అదొక్కటే. అన్న అందరి ముందూ, "అమ్మ దినాలల్ల గూడ బేరమేనారా నీకు?" అన్నాడు. నేను కోత పోను మిగిలింది లెక్కపెట్టి వంటవాళ్ళ చేతిలో పెట్టాను. ఆ తర్వాత నేను ఊరు వదిలినా ఆయన నన్నేమీ అడగలేదు.

రూపాయి బిళ్ళ వేసే డబ్బా ఫోను దగ్గరికి రెండుసార్లు పోయాను. అన్న ఇంటి నంబరు నోటికి వచ్చు. రెండుసార్లూ బిళ్ళను జేబులో వేసుకుని తిరిగొచ్చి, రూపాయి మిగిలిందని నాకు నేనే చెప్పుకున్నాను. మూడోసారి బస్టాండు ముందు ఆగిన ఒక ఆటో దగ్గరికి పోయాను. డ్రైవరుకు మా అన్న వయసే ఉంటుంది.

"అన్నా, రేపు ఒక పూట దవాఖానల కూసోవాలె. ఆటో నడిపే పని లేదు."

"ఆటో లేకుంటె నేనెందుకు సేటూ?"

"మా అన్న లెక్క కూసోవాలె."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నూట యాబై."

"ఊకె కూసునేటందుకు నూట యాబయ్యా? ఫ్యాన్ కింద కుర్చి ఉంటది."

"కుర్చిది కాదు సేటూ. పన్ను పీకుతుంటె అన్న అనేటోడు జర పరేషాన్ గావాలె గద."

"పరేషాన్ ఏమొద్దు. ఎనబై."

"పరేషాన్ లేకుంటె నూరు."

తొంభైకి తెగింది. ఖాకీ చొక్కా విప్పి రావాలని షరతు పెట్టాను.

మర్నాడు డాక్టరు సూది వేసి, దవడ మొద్దుబారేదాకా ఆగుతూ, మా అన్నగారిని పలకరించాడు. "ఇది ఇళ్ళల్లో వస్తుంటుంది. మీకూ ఇలాంటి బాధ ఏమైనా ఉందా?"

"నాకేముంటది సార్. ఇప్పటికి గూడ కోడి బొక్కలు కరకర నములుత."

నేను కళ్ళు మూసుకున్నాను. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదని ఊళ్ళో అందరికీ తెలుసు. డాక్టరు ఆయన్ను నోరు తెరవమని లైటు వేసి చూశాడు. నాలుగు జ్ఞానదంతాలూ నిటారుగా మొలిచి ఉన్నాయట.

"మీరిద్దరూ ఒక్క తల్లి బిడ్డలేనా?"

డ్రైవరు నావైపు చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మా తొంభైలో లేదు. సగం నాలుక మొద్దుబారి ఉండగా నేనే చెప్పాను. "కిరాయికి తెచ్చిన సార్."

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"సొంత అన్న ఉన్నాడా మరి?"

"గద్వాలల ఉన్నడు."

"ఒకసారి చూపించుకోమనండి. ఆయనకూ ఉంటుందని గట్టిగా చెప్పలేను. కానీ దవడ కొలత, పళ్ళ కొలత చాలావరకు తల్లిదండ్రుల నుంచే వస్తాయి. చిన్న దవడ ఒకరిది, పెద్ద పళ్ళు ఒకరివి వస్తే, చివరిదానికి చోటుండదు."

అమ్మది చిన్న ముఖం. నాన్న పళ్ళు పెద్దవి. చిన్న మడిగెలో పెద్ద దుకాణం సరుకు దించినట్టు నా నోరు తయారైందన్న మాట. ఆ సరుకు నా ఒక్కడికే దిగి ఉండదు కదా అన్న ఆలోచన, పన్ను ముక్కలవుతున్నంతసేపూ నన్ను వదల్లేదు.

డ్రైవరు నన్ను గది దాకా తీసుకొచ్చి, ఎక్కడి నుంచో ఐసు ముక్క తెచ్చి, గుడ్డలో చుట్టి చెంపకు పెట్టాడు. అది కూడా తొంభైలో లేదు. కాసేపు కూర్చోమందామనుకున్నాను. నోటి నిండా దూది ఉంది.

నాలుగో రోజు ఫిల్ము పట్టుకుని వనపర్తిలో బస్సు మారి గద్వాల చేరాను. వాపు తగ్గలేదు, నోరు వేలెడే తెరుచుకుంటోంది. అన్న ఎవరికో చింతపండు తూస్తున్నాడు. నన్ను చూసి, గిరాకిని అడిగినట్టే, "ఏం గావాలె?" అన్నాడు. నేను ఫిల్మును వెలుతురుకు పట్టాను. గిరాకి పోయేదాకా ఆయన దానివైపు చూడలేదు. పోయాక చాలాసేపు చూశాడు.

"ఎవలొచ్చిండ్రు తోడు?"

"ఆటో ఆయన."

"దోస్తా?"

"కిరాయికి."

"ఎంతకు తెంపినవ్?"

"తొంబై."

అన్న చేతిలోని తూకపురాయిని కింద పెట్టాడు. "గద్వాల ఏమన్న దూరదేశమారా? ఫోన్ జేస్తె రాకపోదునా?"

బస్సులో మూడు గంటలు కూడబలుక్కున్న మాట ఒకటుంది. "అన్నా, గా దినం..." అని మొదలుపెట్టాను. దవడ పట్టేసింది.

"మాట్లాడకు. నొస్తది" అన్నాడు. తర్వాత ఆయన వేలు తన ఎడమ దవడ మూలకు పోయింది. "నాకు వానకాలమొస్తె ఈడ వాస్తది. గాలి తగిలిందనుకుంటున్న."

నాన్న కూడా ముసురు రోజుల్లో తువాలుతో దవడ కట్టుకుని, గాలి తగిలిందనే చెప్పి, సరుకులు కట్టేవాడు. ఆ మాట ఇద్దరికీ గుర్తొచ్చిందని తెలుస్తూనే ఉంది.

"తీపిచ్చుకో. మనిషి తోడు గావాలంటరు. నేనొస్త" అన్నాను.

"చూద్దాం" అన్నాడు అన్న.

దుకాణంలో పెరిగినవాడికి చూద్దాం అనే మాట బరువు తెలుసు. మామూలుగా అక్కడే నా అసలు బేరం మొదలవుతుంది. ఆ రోజు ఇంకో మాట అడగలేదు. బయల్దేరుతుంటే, "గా ఫోటో ఈడనే పెట్టిపో" అని ఫిల్ము తీసుకుని దేవుడి పటం వెనక దోపాడు. లోపలికి రమ్మనలేదు. నేనూ ఆగలేదు.

మరుసటి నెల మడిగెలో ఫోను పెట్టించాను. నంబరు కార్డు మీద రాసి గద్వాలకు పోస్టు చేశాను. తొలకరి పడింది, ముసురు పట్టింది. ఫోను మోగినప్పుడల్లా తిమ్మాజిపేట నుంచో బల్మూర్ నుంచో పెళ్ళి సామాన్ల ధర అడిగేవాళ్ళే. ఎంతకడిగితే అంతకు ఒప్పేసుకుని వెంటనే పెట్టేస్తున్నాను, లైను ఖాళీగా ఉండాలని.