ఇసుకలో పదకొండు రోజులు

గడ్డకట్టిన రొయ్యలు గిన్నెలో కరిగేటప్పుడు ఒక వాసన వస్తుంది. మావారు ముక్కు మూసుకుని "ఇది ఇల్లా, చేపల రేవా?" అంటారు. నేను ఊరుకుంటానా, "ముక్కు మీది, వాసన నాది, ఎవరిది వాళ్లం చూసుకుందాం" అంటాను. ఆ వాసన తగిలిందంటే నాకు గ్రేస్ గారు గుర్తొస్తారు.

విజయవాడ గవర్నరుపేటలో, మెట్లెక్కి వెళ్లాల్సిన చిన్న గదిలో ఆవిడకు సముద్రపు చేపల అక్వేరియం షాపు ఉండేది. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా తెల్లచీరతోనే వచ్చి చేపలకు మేత వేసేవారు. నేను ఎమ్మెస్సీ చేసి, రెండు కాలేజీల్లో ప్రిన్సిపాళ్లతో గొడవపడి బయటికొచ్చి, ఆవిడ ముందు నిలబడ్డాను.

"ఉద్యోగం ఎందుకు పోయిందమ్మా?"

"నా నోటి వల్లేనండి."

"అబద్ధమాడలేదు, అది చాలు. సోమవారం వచ్చెయ్."

నోరు తగ్గించుకోమని చెప్పని మనిషిని నేను మొదటిసారి చూశాను. ట్యాంకు ముందు నిలబడితే ఆవిడ రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవారు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆవిడకు రాస్ అనే సముద్రపు జాతి చేపలంటే ప్రాణం. వాటిలో ఒక రకం వేలెడంత ఉంటుంది, పండిన నిమ్మకాయ రంగు. భయమేసినా, నిద్రొచ్చినా ముక్కు ముందుపెట్టి ఇసుకలోకి దూరిపోతుంది. ఆవిడ చదువుకునే రోజుల్లో రామేశ్వరం వైపు పగడపు దిబ్బల దగ్గర నీళ్లలో దిగి వీటి చుట్టాలను చూశారట. "పొద్దు వాలేసరికి అన్నీ ఒక్కటొక్కటిగా ఇసుకలోకి జారిపోయాయి. నిమిషం కింద అక్కడ చేపలున్నాయంటే నేనే నమ్మలేకపోయాను" అనేవారు.

అలాంటి పసుపు రాస్‌ను కంకిపాడులో ఒక పళ్ల డాక్టరు గారి క్లినిక్ ట్యాంకులో వదిలాం. ఆ సాయంత్రమే కనిపించకుండా పోయింది. డాక్టరు గారు రోజూ ఫోను. "ఇసుకలో ఉందండీ. వేరే దేశపు సముద్రం నుంచి వచ్చింది కదా, దాని ఒంట్లో ఇంకా అక్కడి పొద్దే నడుస్తోంది. సర్దుకోనివ్వండి" అని గ్రేస్ గారు.

ఆరో రోజుకి నా ఓపిక అయిపోయింది. మా నాన్నకి పామర్రు దగ్గర చేపల చెరువులు. చేపలు కనిపించకపోతే వల లాగి చూడటమే మాకు తెలుసు.

"మేడమ్, అది చచ్చింది. అడుగున కుళ్లితే మిగతా చేపలూ పోతాయి."

"నీళ్లు పరీక్ష చేశావా?"

"చేశాను."

"పాడయ్యాయా?"

"ఇంకా లేదు. మీరు మరీ మెత్తనండి!"

ఆవిడ నవ్వారు. "రేపు కూడా పరీక్ష చెయ్యి. చెయ్యి మాత్రం పెట్టకు."

ఎనిమిదో రోజు పెట్టాను. మోచేతి దాకా ఇసుకలో ముంచి కెలికాను. పసుపు మెరుపొకటి ఎగిరి రాతికి కొట్టుకుంది. మూతి చీలింది, ఒక పక్క పొలుసులు లేచిపోయాయి. వణుకుతూ మళ్లీ ఇసుకలోకి పోయింది. డాక్టరు గారు తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నారు.

గ్రేస్ గారు బస్సెక్కి వచ్చారు. ట్యాంకును చాలాసేపు చూసి మెల్లగా అడిగారు: "నీ మాటే నిజమని నమ్మి పెట్టావా, నా మాట నిజమేమోనని భయపడి పెట్టావా?"

"రేపటి నుంచి మానేస్తానండి" అన్నాను.

"మానేస్తే దీనికి మేతెవరు పెడతారు? మీ నాన్న గారా?" అని కసిరారు. తరవాత నా చేతికంటిన ఇసుకను తన కొంగుతో తుడుస్తూ, "నోటితో ఎంతైనా వాదించమ్మా, నాకూ కాలక్షేపం. ప్రాణమున్నదాని మీద చెయ్యి పెట్టి మాత్రం గెలవాలని చూడకు" అన్నారు.

రోజూ బస్సులో కంకిపాడు వెళ్లాను. రోజూ ఒకే వేళకి, అది దూరిన మూల దగ్గర, సన్నగా తరిగిన రొయ్య ముక్కలను గొట్టంతో వదిలేదాన్ని. తినకపోతే తీసేసేదాన్ని. డాక్టరు గారు పలకరించడం మానేశారు. చేపను వదిలిన పదకొండో రోజున ఇసుక కదిలి, వంకర మూతి ఒకటి బయటికొచ్చింది. రెండు ముక్కలను వదిలేసి మూడోది మింగింది. ఏడుస్తూ ఫోను చేశాను.

"హల్లెలూయ!" అన్నారు గ్రేస్ గారు. వెంటనే, "ఎన్ని ముక్కలు తింది?"

ఆ చేప వంకర మూతితోనే చాలా ఏళ్లు బతికింది. ఆవిడ పోయి మూడేళ్లు. షాపు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను.

నిన్న ఒకాయన ఫోను చేశాడు. "మేడమ్, మీరిచ్చిన చేప నాలుగు రోజులుగా లేదండీ. తవ్వి చూడమంటారా?"

"తవ్వడానికి అదేమన్నా వేరుశనక్కాయా? నీళ్లు పరీక్ష చేయండి. చెయ్యి మాత్రం పెట్టకండి!" అని గట్టిగానే అరిచాను. ఫోను స్పీకరులో ఉంది. నా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఉన్నాయి.