మార్చి దారం

తల్లి కడుపులో అడ్డం తిరిగిన గొర్రెపిల్ల త్సోన చేతికి చిక్కాక బయటికి రాకపోవడమంటూ లేదు. రొడోపి కొండల్లో, సర్కారు గొర్రెల దొడ్డిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన చెయ్యి అది. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి ఆ చేతివాసి, మార్గిత అనే పిల్లి. ఆ రెండూ చాలనుకుంది పిచ్చితల్లి.

ఆ కొండల్లో మార్చి ఒకటిన మనుషులకీ పశువులకీ ఎరుపు తెలుపు దారాలు పేని కడతారు, ఏడాదంతా జబ్బు రాకూడదని. "తెల్లగా, ఎర్రగా, చల్లగా ఉండవే తల్లీ" అంటూ త్సోన పిల్లి మెడకూ కట్టింది. వారం తిరిగేసరికి మెడ బోసిగా ఉంది. ఏ కంపకో తగులుకుని ఉంటుందిలే అనుకుంది.

అప్పటినుంచి మార్గిత తిన్నది తిన్నట్టే కక్కేస్తోంది. త్సోన పాలు పట్టింది. పాలకు తగ్గని రోగం ఆమె ఎరగదు. పక్కింటి కిరిల్ దడి మీంచి చూసి కసిరాడు.

"పెద్దమ్మా, అది దూడ కాదు, పిల్లి! ఎదిగిన పిల్లికి పాలు అరగవు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. కారు తీస్తా, పట్నంలో డాక్టరమ్మకి చూపిద్దాం పద."

"పోరా! మీ మందకంతా పురుళ్ళు పోసింది నేను. పిల్లికి డాక్టరా? ఊరు నవ్విపోతుంది."

మర్నాడు పొద్దున పిల్లి తోక కింద బెత్తెడు ఎర్రదారం వేలాడుతూ కనిపించింది. త్సోనకు ప్రాణం లేచొచ్చింది. అడ్డేదో తెలిసింది, ఇక లాగడమే. ఎడమచేత్తో పొట్ట అదిమిపట్టి, గొర్రెపిల్లను లాగినట్టే మెల్లగా, ఓపిగ్గా లాగింది. దారం రాలేదు. పిల్లి ఒక్క కేక పెట్టింది. అలాంటి అరుపు ఆమె ఏ గొర్రె దగ్గరా వినలేదు.

అప్పుడు పరిగెత్తింది కిరిల్ దగ్గరికి.

డాక్టరమ్మ పొట్ట కోసి చూసింది. "మింగిన దారం రెండో కొస పైన ఎక్కడో చిక్కుకుంది. పేగంతా కుచ్చిళ్ళలా ముడుచుకుపోయింది. లాగేసరికి దారమే కత్తిలా కోసేసింది. ఎవరు లాగారు?"

"నేనే," అంది త్సోన. మార్గిత ఆ బల్ల మీంచి లేవలేదు.

నెలాఖరున కిరిల్ గొర్రె ఒకటి ఈనలేక గిలగిల్లాడింది. "పెద్దమ్మా, కాళ్ళు కనిపిస్తున్నాయి, ఒక్కసారి చెయ్యి వెయ్యి!"

త్సోన వచ్చి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి చాపింది. గొర్రె అరిచింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"డాక్టరమ్మని పిలు. నేను లాగనురా."

డాక్టరమ్మ వచ్చేలోపే తల్లీ పిల్లా రెండూ పోయాయి. త్సోన చేతులు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుని ఉంది.