జ్ఞానమణి గారి షుగరు

జ్ఞానమణి గారు సొంత గ్లాసుతో టీ తాగగా చూసినవాళ్లు నర్సీపట్నంలో ఎవరూ లేరు. ఆవిడకి టీ ఇష్టం లేక కాదు, టీ అంటే ప్రాణం. కానీ ఎప్పుడు తాగినా పక్కవాళ్ల గ్లాసులోదే. ఒక్క గుక్క తాగి, గ్లాసు మళ్లీ మన చేతిలో పెట్టి, "పంచదార తక్కువైంది" అనేవారు.

కారణం కూడా ఆవిడే చెప్పేవారు. "నాకు షుగరు బాబూ. గ్లాసుడు తాగితే డాక్టరు తిడతాడు. పక్కోళ్ల గ్లాసులో ఓ గుక్కయితే లెక్కలోకి రాదు." ఇది ఏ వైద్యశాస్త్రంలో ఉందో మాకు తెలీదు. జీవితమంతా మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి చెబుతుంటే కాదనేదెవరు?

ఆర్టీసీ కాంప్లెక్సు పక్కన సింహాద్రమ్మ టీకొట్టు మా అందరి మకాం. దూరాన తెల్లచీర, చంకలో గొడుగు కనబడితే చాలు, బెంచీ మీద ఉన్నవాళ్లమంతా ఒకేసారి గ్లాసులు ఎత్తేసేవాళ్లం. పొగలు కక్కే టీని గటగటా మింగేసి, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ "నమస్కారమండీ" అనేవాళ్లం. ఆ రోజుల్లో నాలుక కాలనివాడు మా బెంచీ మీద లేడు. మా చర్చి పెద్ద క్రీస్తుదాసు గారైతే గ్లాసు మీద జేబురుమాలు కప్పి, దాని పైన పాటల పుస్తకం పెట్టేవారు. జ్ఞానమణి గారు పుస్తకం తీసి కళ్లకద్దుకుని, రుమాలు మడిచి ఆయన జేబులో పెట్టి, తాపీగా గుక్క తాగేవారు.

"మీకు ఎంగిలీ గింగిలీ నేదేటమ్మా?" అని సింహాద్రమ్మ నవ్వేది. "ఓ గ్లాసుడు నాను ఇస్తాను, ఊరికినే తాగండి."

"నీ టీ ఎవులికి గావాల సింహాద్రీ. ఆళ్ల టీ బాగుంటాది."

ఈ అలవాటు ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. రిటైరయ్యాక, తొంభై ఆరులో, చర్చి తరఫున వాలంటీరుగా జాంబియా వెళ్లారు. అక్కడ ఊరూరా తిరిగి ఎయిడ్స్ గురించి చెప్పే పని. యలమంచిలి వెళ్లే బస్సెక్కితేనే కళ్లు తిరిగే మనిషి విమానమెక్కి, రెండేళ్లుండి వచ్చారు. ఏం తెచ్చారని అడిగితే చార్టులు చూపించారు. వాటిని సండే స్కూలు గోడకి తగిలిస్తే, మేము అటు చూడకుండా పాటలు పాడుకునేవాళ్లం. ఎయిడ్స్ అనేది ఆఫ్రికాలో ఉంటుంది, లేదంటే బొంబాయిలో ఉంటుంది, మనకెందుకని మా ధీమా. ఆవిడ అక్కణ్ణించి తెచ్చిన రోగం పక్కవాడి టీ తాగడమేనని మాలో మేము నవ్వుకునేవాళ్లం.

రెండువేల ఒకటిలో ఆ జబ్బు మా చర్చిలోనే బయటపడింది. సాల్మన్‌రాజు లారీ డ్రైవరు. విశాఖలో రక్తపరీక్ష చేయించుకున్నాడు. ఆయన ఇంటికొచ్చేసరికే సంగతి ఊళ్లోకి వచ్చేసింది. భార్య షర్మిలకీ ఉందని తర్వాత తేలింది. లారీ పని పోయింది. సాల్మన్‌రాజు వచ్చి బెంచీ మీద కూర్చుంటే మాకందరికీ ఒక్కసారే ఏవో పనులు గుర్తొచ్చేవి. చివరికి ఆయనకి మిగిలింది ఆదివారం చర్చి ఒక్కటే.

మా చర్చిలో ప్రభు భోజనానికి గిన్నె ఒక్కటే. ద్రాక్షారసం అందులోనే పోసి, ఒకరు తాగి పక్కవాళ్లకి అందిస్తారు. మర్నాడే ప్రభు భోజనపు ఆదివారమని శనివారం సాయంత్రం చర్చి అరుగు మీద కమిటీ కూర్చుంది. సింహాద్రమ్మ టీలు పంపింది.

"సాల్మన్‌రాజుని రావద్దంటే పాపం," అన్నారు క్రీస్తుదాసు గారు. "రమ్మనే అందాం. సొంత గ్లాసు ఒకటి తెచ్చుకోమందాం. అంతే."

"ఆ మాట చెబితే ఆడు మరి చర్చి గుమ్మం తొక్కడండి," అన్నాను.

"ఏటి సేస్తాం దయాకరూ. పిల్లలున్నోళ్లం," అన్నారాయన.

కమిటీలోనే ఉన్న జ్ఞానమణి గారు అలవాటు ప్రకారం క్రీస్తుదాసు గారి గ్లాసు తీసుకుని, గుక్క తాగి, ఇచ్చేశారు. "పంచదార తక్కువైంది. పొద్దున్న సాల్మన్‌రాజు గ్లాసులో సరిపోయింది. రోజూ ముందు ఆళ్లింటికే ఎళ్తాను. ఆడి గ్లాసూ, షర్మిల గ్లాసూ అయ్యాకే మీ బెంచీ కాడికొస్తాను."

ఎవరి గ్లాసులోకి వాళ్లం చూసుకున్నాం.

"ఎన్నాళ్ల బట్టి?" అన్నారు క్రీస్తుదాసు గారు, గ్లాసు దూరంగా జరిపి.

"ఆడికి జబ్బని తెలిసిన కాణ్ణించి. మీకేటైనా అయిందా?"

"నాలుక కాలిందండి," అన్నాను. "అంతకుమించి ఏటీ అవలేదు."

"చార్టు చూడమంటే చూశారు కాదు. అందుకే ఇలగ చెప్పాల్సొచ్చింది."

"షుగరు మనిషని జాలిపడి ఊరుకున్నాం గదండీ," అన్నారు క్రీస్తుదాసు గారు, ఏడుపొక్కటే తక్కువగా.

"నాకు షుగరు లేదు."

ఈసారి మేము గ్లాసులు వదిలి ఆవిడ మొహం చూశాం.

"జాంబియాలో ఓ పల్లెలో పొద్దుట్నించీ చార్టు పట్టుకుని చెప్పాను, ఒకే గిన్నెలో తాగితే ఈ జబ్బు రాదని. అంతా అయ్యాక ఒకామె మొక్కజొన్న జావ తెచ్చింది. ఆ ఊళ్లో ఇచ్చీ మనిషి ముందు తను తాగి, తర్వాత వచ్చినోళ్లకి ఇస్తాది. ఆమెకి జబ్బుంది. ఓ గుక్క తాగి గిన్నె నాకు చాపింది. నాకు షుగరమ్మా, తాగకూడదు అన్నాను."

ఆవిడ గొడుగు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆమె నవ్వి, గిన్నె కింద పెట్టింది. మళ్లీ నేనా ఊరెళ్లేతలికి మనిషి లేదు. తిరిగొచ్చాక అనుకున్నాను, మనూళ్లో కూడా ఇలాంటోళ్లు ఉంటారు, ఎవరో తెలీదు. ఆళ్లొక్కళ్ల గ్లాసులోనే తాగితే జాలి పడుతున్నానని తెలిసిపోద్ది. అందుకని ఊరందరి గ్లాసుల్లోనూ తాగాను. అక్కడ తాగకుండా తప్పించుకోడానికి చెప్పిన అబద్ధమే బాబూ. ఇక్కడ తాగడానికి చెప్తున్నాను."

తర్వాత క్రీస్తుదాసు గారి వైపు తిరిగారు. "సొంత గ్లాసంటే గుర్తొచ్చింది. మీ తాతకి ఈ ఊరి హోటల్లో వేరే గ్లాసుండేదట, చూరుకి వేలాడదీసీవోరట. మీరే చెప్పారు."

క్రీస్తుదాసు గారు గ్లాసులో మిగిలిన టీ నెమ్మదిగా తాగేశారు.

మర్నాడు గిన్నె సాల్మన్‌రాజు దాకా వచ్చింది, ఆయన్నించి జ్ఞానమణి గారికి, ఆవిణ్ణించి క్రీస్తుదాసు గారికి. ఆయన గిన్నె పట్టుకుని కళ్లు మూసుకున్నారు. అంత పొడుగు ప్రార్థన ఆయన కొడుకు పబ్లిక్ పరీక్షలప్పుడు కూడా చేయలేదు. చివరికి తాగారు. రెండు కుటుంబాలు మాత్రం ఆ నెల నుంచి వేరే చర్చికి వెళ్లడం మొదలుపెట్టాయి.

కథ అంతటితో బాగుపడిపోలేదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు విశాఖ దాకా వచ్చేసరికి సాల్మన్‌రాజు లేడు. షర్మిలకి అందాయి. నెలనెలా ఆమెని బస్సెక్కించి, తను కళ్లు తిరిగి కిటికీకి తలానించుకుని, విశాఖ తీసుకెళ్లింది జ్ఞానమణి గారే. రెండువేల ఎనిమిదిలో ఆవిడా వెళ్లిపోయారు. గ్లాసులు దాచుకున్నాం, రుమాళ్లు కప్పుకున్నాం గానీ, ఇంద తాగండమ్మా అని ఒక్కనాడూ ఎవరమూ గ్లాసు చాపలేదు. ఆ బాధ మా బెంచీకి పోదు.

సమాధి కార్యక్రమం అయ్యాక అందరం సింహాద్రమ్మ కొట్టుకి వచ్చాం. షర్మిల బెంచీ చివర ఒక్కతే కూర్చుంది. ఆమెకీ మాకూ మధ్య ఇద్దరు మనుషులు పట్టేంత జాగా ఉంది. క్రీస్తుదాసు గారు వచ్చి ఆ జాగాలో కూర్చున్నారు. షర్మిల చేతిలోంచి గ్లాసు తీసుకుని ఓ గుక్క తాగి ఇచ్చేశారు. తర్వాత ఇటు తిరిగి నా గ్లాసు తీసుకుని మరో గుక్క తాగారు.

"పంచదార తక్కువైంది," అన్నారు.

"సరిపడా ఏసినానండి," అంది సింహాద్రమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "మీకో గ్లాసు ఇమ్మన్నారేటి?"

"వద్దమ్మా. నాకు షుగరు."

క్రీస్తుదాసు గారికి షుగరు లేదు. షర్మిల తల వంచుకుని నవ్వింది. నేను మిగతా టీ తాగేశాను.