మేకు గుంట

మా స్టేడియానికి నేను పదకొండేళ్లు ఇన్‌చార్జిని. కలకత్తా జట్లు వచ్చి ఇక్కడ ఫుట్‌బాల్ ఆడాయని, గ్యాలరీ చాలక జనం ప్రహరీ ఎక్కి చూశారని విజయవాడలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నేను చేరేనాటికి గ్యాలరీ మెట్లు పెచ్చులూడుతున్నాయి. మైదానం మాత్రం పచ్చగా ఉండేది. అదంతా మా గ్రౌండ్స్‌మన్ చలవ. వన్ టౌన్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడాయన. వాళ్ల నాన్న కూడా ఇక్కడే రోలర్ లాగాడట. అందరం ఆయన్ని భాయ్ అనేవాళ్లం.

ఒకసారి ఎగ్జిబిషన్ వాళ్లు మైదానం అడిగారు.

“టెంట్లు గ్యాలరీ పక్కన వేయించండి సార్. మధ్యలో మేకులు దిగ్గొడితే నేల పాడైపోద్ది. తర్వాత ఆడపిల్లల టోర్నమెంట్ ఉందిగా” అన్నాడు భాయ్.

“చూద్దాంలే” అని, వాళ్లు అడిగినట్టే మధ్యలో టెంట్లకు సంతకం పెట్టేశాను. ప్రారంభోత్సవంలో నన్ను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతామన్నారు. కప్పారు కూడా.

మ్యాచ్‌కి ముందురోజు గానీ టెంట్లు తీయలేదు. భాయ్ గంపతో ఇసుక మోస్తూ చీకటి పడేదాకా ఒక్కొక్క గుంటా పూడ్చుకుంటూ వచ్చాడు. “ఒక్కరోజు వాయిదా వేయించండి, తడిపి రోలర్ తిప్పుతాను” అని బతిమాలాడు. అతిథులను పిలిచేశామని కసిరాను.

మర్నాడు మంగళగిరి అమ్మాయి ఒకతె బంతితో దూసుకెళ్తూ కూలబడింది. కాలు గుంటలో దిగబడి మడమ దగ్గర ఎముక విరిగింది. మగ్గం నేసే వాళ్ల నాన్న ఆ పిల్లను ఎత్తుకుని ఆటో దాకా పరిగెత్తాడు.

విచారణకు వచ్చిన అధికారి “గ్రౌండ్ చూసేదెవరు?” అన్నాడు.

“ఈయనేనండీ” అని భాయ్‌ని చూపించాను. నా సంతకం మాట ఎత్తలేదు.

భాయ్ నా వంక ఒకసారి చూశాడు. “అన్నీ పూడ్చలేకపోయానండీ” అన్నాడు, అంతే. మర్నాటి నుంచి ఆయన్ని రావద్దన్నారు.

రిటైరయ్యాక గానీ ఆయన ఇంటికి వెళ్లే ధైర్యం రాలేదు. టీ తెప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు.

“నాకెందుకు సార్ చెప్పడం? ఆ పిల్లకి చెప్పారా?”

చెప్పలేదు. ఆ వారంలోనే మంగళగిరి వెళ్లాను. తండ్రి మగ్గం ఆపి విన్నాడు. “ఇన్నాళ్లూ ఏం చేశారండీ?” అన్నాడు. ఆ అమ్మాయి కాస్త కుంటుతూ మంచినీళ్లు తెచ్చింది. ఆట మానేసిందట.

“భాయ్ తాత ఆస్పత్రికి రోజూ వచ్చేవాడండీ. గుంట తన కంట పడలేదని ఏడ్చేవాడు. ఎవరో పర్మిషన్ ఇచ్చారని ఒక్కసారి కూడా అనలేదు” అంది.

గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తాగలేకపోయాను. సంతకం నాదని, తప్పు భాయ్‌ది కాదని ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఆ ఫైలు ఎప్పుడో మూసేశామని జవాబొచ్చింది.